ముల్లు పచ్చలో ఉందా

రుషికొండ దాటాక ఎడమ పక్క,
ఏడంతస్తులు లేచి
ఇంకా కళ్ళు తెరవని బిల్డింగు.
కళ్ళు పెట్టేది మేమే.
ఒక్కో అద్దం రెండొందల ఎనభై కిలోలు.

ఎత్తేది క్రేనే అనుకుంటారు టీ కొట్టు వాళ్ళు.
క్రేనుకి తెలిసింది కొక్కెం ఒక్కటే.
అద్దానికి కొక్కెం తగిలించే చోటేది?
చెవి లేదు, చెయ్యి లేదు, చెంగు లేదు.
ఆరు రబ్బరు గిన్నెలు బోర్లించి
వాటిలో గాలి లాగేస్తాం.
మిగిలిన ఏమీలేనితనం
అంత బరువునీ పట్టుకుని వేలాడుతుంది.

ఇరవై ఏళ్ళు షిప్‌యార్డులో ఇనుము ఎత్తాను.
గొలుసు బలం గొలుసే చెప్పేది,
లింకు సాగితే కంటికి ఆనేది.
దీన్ని ఏం చూడను?
ఖాళీకి తుప్పు పట్టదు. ఖాళీ కిర్రుమనదు.
పోయేటప్పుడు చెప్పి పోదు.
అందుకే దానికో ముల్లు పెట్టారు,
అరచేతి వెడల్పు గడియారంలో.
ఎరుపు, ఆకుపచ్చ. మూడో రంగు లేదు.

పొద్దున్న ఏడింటికి,
సముద్రం మీంచి ఉప్పు ఇంకా ఎగురుతుండగానే
నూకాలు తడిగుడ్డతో ఓసారి, పొడిగుడ్డతో ఓసారి
అద్దం తుడుస్తుంది.
నేను గిన్నెల అంచులు వేలితో తడుముతాను,
పసిపిల్ల చిగుళ్ళలో కొత్త పన్ను వెతికినట్టు.
బ్యాటరీ చూస్తాను, గొట్టాలు చూస్తాను.
పంపు గుర్రుమంటుంది, ముల్లు లేస్తుంది,
పచ్చలోకి రాగానే పంపు ఆగుతుంది.

అప్పుడే ఎత్తకూడదు.
సన్నిబాబుకి నేను నేర్పిన మొదటి ముక్క ఇదే:
పచ్చలోకొచ్చిందా అని కాదురా,
పచ్చలో నిలబడుతోందా అని చూడు.
ఐదు నిమిషాలు.
ఫోను తియ్యకు.
పొయ్యి మీద పాల దగ్గర కూర్చున్నట్టు కూర్చో.

మొన్న లక్ష్మివారం మూడో అద్దానికి
మూడో నిమిషంలో ముల్లు కదిలింది.
కదిలిందని నేను,
కదల్లేదని ఇంజినీరు గారు.
వెంట్రుకవాసి.
పదకొండు దాటితే గాలి లేస్తుంది,
లేస్తే ఆ రోజుకి పని లేదు,
క్రేను అద్దె మాత్రం గంటలు లెక్కపెడుతుంది.
"పచ్చలోనే ఉందిగా, కానివ్వండి త్రినాథరావు గారూ."
ఆయన తొందర ఆయనది. ఆయన మీదా ఎవరో ఉన్నారు.
నాకు మాత్రం కింద,
పక్కకే అయినా కిందే,
తాడు పట్టుకున్న సన్నిబాబు కనబడుతున్నాడు.

వాదించలేదు.
గొంతు పెంచితే ముల్లు వినదు.
జేబులో మార్కరు తీసి
ముల్లు ఎక్కడుందో అక్కడ గడియారం మీద
చిన్న గీత గీశాను.
ఇద్దరం చూస్తూ నిలబడ్డాం.
కాసేపటికి
గీత అక్కడే ఉంది.
ముల్లు లేదు.

గాలి వదిలేసి గిన్నెలు ఒక్కోటీ ఊడదీశాం.
నాలుగోదాని అంచున గోరంత తళుకు.
నూకాలు గోటితో గీకి ఎండలో పెట్టింది:
చేప పొలుసు.
తెల్లారుజామున హార్బర్లో పండుగప్పలు కోసి
ఆ చీరతోనే వచ్చింది పనికి.
ఇంజినీరు గారు అటు తిరిగేలోపే నవ్వేసింది.
"ఓలమ్మో, సచ్చినా నన్ను ఒగ్గనేదు సూడు!
సేపకీ ముల్లే, నీ మిసనుకీ ముల్లే బావూ.
సూసుకోపోతే రెండూ గొంతుకడ్డమే."

మళ్ళీ తుడిచాం. మళ్ళీ ఐదు నిమిషాలు.
ముల్లు గీత మీద కూర్చుంది, లేవలేదు.
జానెడు లేపి ఇంకాస్త ఆగాం.
అప్పుడు వెళ్ళింది అద్దం పైకి,
తనలో సముద్రాన్ని ఏటవాలుగా ఒంపుకుని,
రెండు పడవల్నీ మా ముగ్గురి హెల్మెట్లనీ
ఏడో అంతస్తుకి మోసుకుంటూ.
నాలుగో అద్దానికి గాలి లేచింది.
మర్నాటికి వదిలేశాం.

ఆ పొలుసుని సన్నిబాబు
నీళ్ళ తడితో హెల్మెట్‌కి అంటించుకున్నాడు.
మధ్యాహ్నం దాకా మెరిసింది.
సాయంత్రం చూస్తే లేదు.
ఎప్పుడూడిందో
ఎవరం చూడలేదు.